హోమ్ పేజీలో ఓబులేశ్ చెయ్యి

సోలారు కంపెనీల వెబ్‌సైట్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. పైన నీలాకాశం, కింద నల్లటి పలకలు, మధ్యలో ఎవరిదో నున్నటి చేతిలో ఒక పచ్చటి మొలక. కర్ణాటకలోని మా పావగడ తాలూకా ఎండలో అలాంటి మొలకను ఒక పూట నిలబెట్టి చూపించిన వాళ్ళకు నేను దండం పెడతాను. ప్రతిమకు కూడా ఆ బొమ్మలంటే ఒళ్ళు మంట. అయినా బెంగుళూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో తనూ అలాంటివే చేసిపెట్టింది. పని ఇచ్చేవాళ్ళు అవే అడిగేవారు.

ప్రతిమ వై.ఎన్.హొసకోట బజారులో విత్తనాలు, ఎరువుల అంగడి నడిపే కోదండరామ్ కూతురు. ఆమె పనిచేసిన డిజైన్ కంపెనీ మూతపడ్డాక ఇంటికొచ్చి, అంగడి మీది గదిలో కంప్యూటర్ పెట్టుకుంది. కల్యాణ మంటపాలకు, ట్యూషన్ సెంటర్లకు, బోర్లు వేసే లారీల వాళ్ళకు వెబ్‌సైట్లు చేసేది. బోర్ల వాళ్ళయితే ఆకాశానికి నీళ్ళు ఎగజిమ్మే బొమ్మ కావాలని పట్టుబట్టారు. నీళ్ళు పడని బోర్ల సంగతి వాళ్ళూ ఎత్తలేదు, ఈమె కూడా అడగలేదు. రోజంతా ఇలాంటి పనులు చేసి, సాయంత్రం కిందికి దిగేసరికి తనలో ఏదో ఎండిపోతోందని ఆమెకు భయం వేసేది.

కింద అంగడి పరిస్థితి కూడా అంతంత మాత్రమే. తిరుమణి చుట్టుపక్కల భూములన్నీ సోలారు పార్కుకు గుత్తకు పోయాక వేరుశనగ విత్తనాలు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. భూమి ఉన్నవాళ్ళకు ఏటా గుత్త డబ్బు వస్తుంది. భూమి లేనివాళ్ళకు అంతకుముందున్న కలుపు కూలి కూడా పోయింది. అలా కూలి పోయినవాళ్ళలో ఓబులేశ్ ఒకడు. తిరుమణి మనిషి. ఒకప్పుడు కోదండరామ్ అంగడికి వచ్చిన ఎరువుల మూటలు దించేవాడు. ఇప్పుడు పార్కులో ప్యానెళ్ళు కడిగే కాంట్రాక్టు కంపెనీలో చేరాడు.

ఆ కంపెనీ మేనేజరు భరత్‌కుమార్‌ది మంగళవాడ. ఒకరోజు అంగడికి వచ్చి, మెట్లెక్కి, ప్రతిమ ఎదురుగా కూర్చున్నాడు.

"మాకొక వెబ్‌సైటు కావల్ల మేడమ్. టెండరు ఇచ్చేవాళ్ళు ముందు అదే చూస్తారు. అందరి మాదిరి ఉంటే మనల్ని ఎవురు చూస్తారు? తెరిచినోడు తెరిచినట్లే ఆగిపోవల్ల" అన్నాడు.

ప్రతిమ ఒప్పుకుంది. ఒప్పుకున్నాక తెలిసింది కష్టం. తెల్లటి తెర ముందు కూర్చుంటే తెల్లటి తెరే కనిపించేది. రంగులు మార్చింది, అక్షరాలు మార్చింది, అన్నీ తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టింది. ఏం చేసినా చివరికి ఆ మొలక దగ్గరికే వచ్చి ఆగేది. తనకు ఇంక కొత్తది తట్టదేమోనని గుబులు పట్టుకుంది. ఆఖరికి భరత్‌కుమార్‌కు ఫోన్ చేసి, పని జరిగే చోటు చూపించమని అడిగింది.

ప్యానెళ్ళు కడిగే పని తెల్లవారకముందే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించాలి. ఎండ పడితే వాటిలో కరెంటు పుడుతుంది, అప్పుడు తడి చేతులతో దగ్గరికి పోకూడదు. ఆమె వెళ్ళేసరికి తూర్పు ఇంకా ఎర్రబడలేదు. ట్యాంకరు ముందు నడుస్తోంది, వెనక మనుషులు పొడుగాటి కర్రలకు కట్టిన బ్రష్షులతో ప్యానెళ్ళు రుద్దుతున్నారు. వాళ్ళలో ఓబులేశ్ ఆమెను గుర్తుపట్టి నవ్వాడు.

"ప్రతిమమ్మా, మీరా! ఏంది, ఇంత చలిలో ఈడికొచ్చినారు?"

"నీ పని చూసేదానికే వచ్చినా ఓబులేశన్నా."

"దీంట్లో చూసేదేముండాది? కడిగేది, తుడిచేది" అన్నాడు.

చూసేది ఉంది. అందరూ బ్రష్షు లాగి ముందుకు పోతున్నారు. ఓబులేశ్ మాత్రం బ్రష్షు ఆనించి, కింది అంచు దగ్గర నిలిచిపోయిన మట్టిని గుడ్డతో, చేత్తో తుడిచి గానీ కదలడు. ఎందుకంత శ్రమ అని అడిగింది. "అంచులో మట్టి నిలిస్తే కరెంటు తగ్గుతాదంట. అది నాకు తెల్దు. సగం తుడిచి వదిలేది నాకే సరిపోదు" అన్నాడు. అప్పుడే పొద్దు పొడిచింది. అతని చెయ్యి మట్టి మీద ఒక్కసారి సాగేసరికి, ఆ సాగినంత మేరా గాజులో ఎర్రటి ఆకాశం కనిపించింది.

ప్రతిమకు తన పేజీ అక్కడే కనిపించింది. పేజీ తెరవగానే తెరంతా మట్టి. చూసేవాడు వేలు కదిలిస్తే ఈ చెయ్యి వస్తుంది, తుడుస్తుంది, తుడిచిన చోట ఆకాశం, ఆ ఆకాశంలో మాటలు. ఇంక వేరే ఏదీ అక్కర్లేదు. ఎన్నాళ్ళకో తనకు ఒకటి తట్టింది. ఆ ఆనందంలో కెమెరా తీసింది.

కెమెరాలో చూస్తే చిక్కొచ్చింది. ఓబులేశ్ వేసుకున్న చిలకపచ్చ జాకెట్టు గాజులో కూడా పడి కళ్ళలో పొడుస్తోంది. తలమీది పసుపు హెల్మెట్ కూడా అంతే. చేతులకు మందపాటి రబ్బరు గ్లౌజులు. ఆ గ్లౌజులుంటే అది ఎవరి చెయ్యో తెలియదు, అసలు చెయ్యిలాగే ఉండదు. ప్రతిమ మూడూ తీయించింది. భరత్‌కుమార్ పక్కనే ఉన్నాడు, కానివ్వమన్నట్టు తల ఊపాడు. బీటలు వారిన మణికట్టు, తడిసిన వేళ్ళు, వేళ్ళ కింద తెల్లవారుతున్న ఆకాశం. ఆమె కోరుకున్నది అచ్చంగా అలాగే వచ్చింది.

వెబ్‌సైటు చూసిన ప్రతివాడూ ఆగిపోయాడు. భరత్‌కుమార్ ఆ పేజీని కనిపించిన వాళ్ళందరికీ చూపించుకున్నాడు. బెంగుళూరులో డిజైన్ పని చేసేవాళ్ళు దాన్ని ఒకరికొకరు పంపుకున్నారు. ఏళ్ళ తరబడి పలకరించని పాత స్నేహితులు మెచ్చుకుంటూ మెసేజీలు పెట్టారు. ప్రతిమ ఆ రోజుల్లో నేలమీద నడవలేదంటే నమ్మండి. నేను దాన్ని తప్పు పట్టను. పని బాగా కుదిరినప్పుడు మనిషికి ఆ మాత్రం పొంగు ఉండాలి. ఓబులేశ్ భార్య శిల్పశ్రీ కూడా ఒకసారి అంగడికి వచ్చినప్పుడు ఫోను తీసి చూపించి, "ఒట్టి చేత్తోనా అని మొదట అరిచినా గానీ, మా ఆయప్ప చెయ్యి చూడక్కా, దేశమంతా చూస్తాండారంట" అని మురిసిపోయింది.

ఆ తర్వాత చూసేవాళ్ళు రావడం మొదలైంది. కంపెనీ యజమానులు, అప్పులిచ్చే బ్యాంకుల వాళ్ళు, టెండర్ల వాళ్ళు. వచ్చినవాళ్ళు పార్కు చూడరు, ట్యాంకర్లూ బ్రష్షులూ చూడరు, "ఆ చేత్తో తుడిచే మనిషి ఎక్కడ?" అని అడుగుతారు. భరత్‌కుమార్ ఓబులేశ్‌ను పిలిపిస్తాడు. వెబ్‌సైటులో ఎలా ఉన్నాడో అలాగే కావాలి కాబట్టి జాకెట్టు, హెల్మెట్, గ్లౌజులు తీయిస్తాడు. పెద్దమనుషులు తెల్లవారుజామున లేచి రారు. టిఫిను తిని, ఏసీ కార్లలో, ఎండ నడినెత్తికి వచ్చే వేళకు దిగుతారు. కరెంటు నిండుగా పారే ఆ వేళలో ఓబులేశ్ తడి గుడ్డతో, ఒట్టి చేత్తో ఒక ప్యానెల్ తుడిచి చూపిస్తాడు. వాళ్ళు ఫోన్లలో తీసుకుని వెళ్ళిపోతారు.

ఈ సంగతి ఓబులేశే ప్రతిమకు చెప్పాడు. ఏదో తాడు కొనుక్కోవడానికి అంగడికి వచ్చి, "మీరు నేర్పించిన యాక్టింగు ఇంగా చేస్తానే ఉండా ప్రతిమమ్మా" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఎండలో ఎందుకు చేయిస్తున్నారని భరత్‌కుమార్‌ను అడగాలనుకుంది. కానీ కంపెనీ వాళ్ళు ఇంకో వెబ్‌సైటు కూడా ఆమెకే ఇస్తామంటున్నారు. "జాగ్రత్తన్నా" అని చెప్పి మెట్లెక్కింది.

మాఘమాసం దాటి ఎండలు ముదురుతున్న రోజుల్లో అది జరిగింది. బయటినుంచి వచ్చినవాళ్ళు చుట్టూ నిలబడి ఫోన్లు పట్టుకుని ఉన్నారు. ఆ ప్యానెల్ వెనక ఒక తీగ పైతొడుగు పగిలి ఉందని తర్వాత తేలింది. ఓబులేశ్ అలవాటు ప్రకారం కింది అంచు తుడవడానికి వంగి, తడి చెయ్యి ఇనుప చట్రం కిందికి పోనిచ్చాడు. అరవను కూడా అరవలేదు. కంపెనీ జీపులో పావగడ ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పటికే ప్రాణం లేదు.

మట్టి చేసి వచ్చిన మర్నాడే కంపెనీ తన మాట బయటపెట్టింది. ఎంత చెప్పినా వినకుండా రక్షణ సామాన్లు వేసుకోకపోవడం వల్ల, సొంత నిర్లక్ష్యంతో చనిపోయాడని. రుజువేమిటంటే వెబ్‌సైటు. గ్లౌజులు లేవు, హెల్మెట్ లేదు, ఆయన తీరే అంత అన్నారు. ప్రతిమ ఆ వీడియో తీసేద్దామని కంప్యూటరు తెరిచేలోగా భరత్‌కుమార్ ఫోన్ చేశాడు.

"మేడమ్, సైటు ముట్టుకోవద్దండి. కార్మిక ఇలాఖె నుంచి లేబర్ ఆఫీసరు తనిఖెకు వస్తాడు. ఆయప్పకు చూపించేదానికి మాకు అదొకటే ఉండాది. మిమ్మల్నీ పిలుస్తారు. మీరు పోయినప్పుడు ఏం చూసినారో అది చెప్తే సాలు."

ప్రతిమ కంప్యూటరు తెరవలేదు.

కంపెనీ మాట ఊళ్ళో పాకడానికి ఎంతసేపు? దానికి జనం తలా కొంచెం కలిపారు. ఫోన్లలో కనిపించాక ఓబులేశ్‌కు తల తిరిగిందన్నారు. గ్లౌజులు వేసుకుంటే సోకు తగ్గుతుందని పారేసేవాడన్నారు. శవం దగ్గర ఏడ్చిన నోళ్ళే ఈ మాటలన్నాయి. చచ్చినవాడి మీద మాట వేయడానికి మనవాళ్ళకు ఖర్చేముంది?

శిల్పశ్రీ అంగడికి వచ్చింది. కింద కోదండరామ్ ఉన్నాడు. ఆమె అతనితో ఏమీ చెప్పకుండా నేరుగా మెట్లెక్కి, ప్రతిమ గది గడప దగ్గర నిలబడింది.

"అక్కా, మా ఆయప్పను అందరూ ఏమంటాండారో ఇన్న్యావు గదా."

ప్రతిమ కుర్చీ జరిపింది. శిల్పశ్రీ కూర్చోలేదు.

"దుడ్డు ఇస్తారో ఇయ్యరో, అది ఇంగొక మాట. నా కొడుకు ఇస్కూలుకు పోతే, మీ నాయన సోకు చేసుకోని సచ్చినాడంట అని పిల్లోళ్ళు అడగతాండారు. వాడు వచ్చి నన్నడగతాడు. నేనేం చెప్పేది? నువ్వు ఆ పొద్దు ఆడ ఉన్న్యావు. ఆయప్ప గ్లౌజులు ఏసుకోనే పని చేస్తాండె అని నువ్వొక మాట చెప్పు. ఆ భరత్‌కుమారే తీయించినాడని నాకు తెలుసు. ఆయప్పతో పని చేసేటోళ్ళు కూలి పోతాదని నోరెత్తరు. నువ్వు చెప్తే ఆఫీసరు నమ్ముతాడు."

తీయించింది అతను కాదని, ముందుగా తీయించింది తనేనని, ప్రతిమ అక్కడికక్కడ చెప్పి ఉండాల్సింది. "చెప్తాను" అని మాత్రం అంది. శిల్పశ్రీ ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుని వెళ్ళింది. ఆ చేతులతో ఆ పూట ప్రతిమ అన్నం తినలేకపోయింది.

కోదండరామ్‌కు విషయమంతా తెలుసు. తనిఖె రోజు పొద్దున అంగడి తలుపులు తీస్తూ కూతుర్ని ఆపాడు.

"పోయి ఏం చెప్తావు పాపా? తీయమనింది నేనే అంటావా?"

"అదే గదా నాయనా నిజం."

"నిజమే. నేను కాదంటాండానా? నువ్వు ఆ మాట చెప్తే వాళ్ళు మొత్తం నీ మీదికి తోసేస్తారు. కంపెనీకి లాయర్లుండారు. మనకెవురుండారు? ఈ అంగడి ముందర రేపు ఎవురు నిలబడతారు?" అతను తలుపు వదిలి దగ్గరికి వచ్చాడు. "అడిగినదానికి చెప్పు. అడగనిది చెప్పొద్దు. నీకు దండం పెడతా."

కన్నతండ్రి దండం పెడతానంటే ఎవరికైనా కాళ్ళాడవు. ప్రతిమ బస్సులో తిరుమణి దాకా ఆ మాటే నెమరేసుకుంది.

తనిఖె కంపెనీ షెడ్డులో జరిగింది. ఆఫీసరు నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. తెలుగులో అడిగేవాడు, కన్నడలో రాసుకునేవాడు. శిల్పశ్రీ గోడకు ఆనుకుని కింద కూర్చుంది. భరత్‌కుమార్ ల్యాప్‌టాప్ తెరిచి ఆయన ముందు పెట్టాడు. తెరంతా మట్టి. ఆఫీసరు వేలు కదిపాడు. చెయ్యి వచ్చి తుడిచింది, ఆకాశం కనిపించింది. ఆయన ఇంకోసారి కదిపి చూశాడు.

"చానా బాగా చేసినారమ్మా" అన్నాడు, తానెందుకు వచ్చాడో ఒక్క క్షణం మరిచిపోయి.

ప్రతిమ జీవితంలో ఆ మెప్పు కోసం ఎంత పాకులాడిందో, ఆ క్షణం అది అంత అసహ్యంగా వినిపించింది.

"మీరు పోయినప్పుడు ఇతను ఇట్లే, ఒట్టి చేతుల్తోనే పని చేస్తాండెనా?" ఆఫీసరు పెన్ను పట్టుకున్నాడు.

"లేదు సార్."

"అంటే?"

"నేను పోయేసరికి జాకెట్టు, హెల్మెట్, గ్లౌజులు అన్నీ ఏసుకోనుండె. వీడియోలో బాగుండదని నేనే తీయించినాను."

ప్రతిమ గోడ వైపు చూడలేదు. భరత్‌కుమార్ ముఖం మొదట పాలిపోయింది, తర్వాత మెల్లగా తేరుకుంది.

"చూసినారు గదా సార్, బయటోళ్ళు వచ్చి తీయించినారు. మా కంపెనీకి ఏం సంబంధం?"

"ఈయన పక్కనే ఉండాడు సార్, తల ఊపినాడు. ఆ తర్వాత ఎవురు చూసేదానికొచ్చినా వీళ్ళే తీయించినారు, అదీ మిట్టమధ్యాన్నం" అంది ప్రతిమ.

"అది మీరు కండ్లారా చూసినారా?"

"లేదు సార్. ఓబులేశన్న చెప్పినాడు."

"సచ్చినోడు చెప్పింది రాసుకునేదానికి లేదమ్మా" అన్నాడు ఆఫీసరు, కొంచెం బాధగానే. "మీరు చేసింది, మీరు చూసింది. అది మాత్రం రాస్తాను."

రాశాడు. అంటే ఆ కాగితాల మీద భరత్‌కుమార్‌ది ఒక తల ఊపు, గ్లౌజులు తీయించిన దోషమంతా ప్రతిమదే అయింది. తండ్రి చెప్పినట్టే జరిగింది. భరత్‌కుమార్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఇంటి దగ్గర ఎదురుచూస్తున్న నాయనకు ఏం చెప్పాలో ఆమెకు తెలియలేదు.

శిల్పశ్రీ లేచి వచ్చి బల్ల దగ్గర నిలబడింది. ముఖంలో ఏడుపు లేదు.

"అక్కా, నువ్వు తీయమన్నెప్పుడు ఆయప్ప ఏమనినాడు?"

ప్రతిమ ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట అది. తండ్రికి కూడా చెప్పలేదు. ఆ ఉదయం ఆనందంలో ఆమె దాన్ని సరిగా వినను కూడా లేదు. అతను పోయిన రోజు నుంచి మాత్రం చెవుల్లో అదే మోగుతోంది.

"వద్దనినాడు."

"వద్దనినాడా?"

"'ఇవి తీస్తే మా ఇంట్లో అరుస్తాది ప్రతిమమ్మా. తన తలమీద నా చెయ్యి పెట్టించుకోని ఒట్టేయించుకునింది, ఎప్పుడూ తీయొద్దని' అనినాడు." ప్రతిమ అక్కడితో ఆపలేదు. "నేను నవ్వినాను. ఈ ఒక్కతూరే గదన్నా, మీ ఆమెకు నేను చెప్తాలే అన్నాను. అప్పుడు తీసినాడు."

శిల్పశ్రీ బల్ల అంచు పట్టుకుంది. తర్వాత ఆఫీసరు వైపు తిరిగింది.

"సార్, ముందు వద్దనినాడంట. అది రాసుకోండి."

ఆఫీసరు రాశాడు. శిల్పశ్రీ కన్నడ బడిలో పదో తరగతి దాకా చదివింది. కాగితం తన వైపు తిప్పుకుని, ఆ వాక్యం మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చదువుకుంది. రెండోసారి చదివింది. కొడుక్కు చెప్పడానికి మాటలు సరిగ్గా గుర్తుపెట్టుకుంటున్నట్టు పెదాలు కదిలాయి. సంతకం పెట్టి, పెన్ను బల్ల మీద పెట్టి బయటికి నడిచింది.

ప్రతిమ వెనకాలే వెళ్ళింది. షెడ్డు బయట ఎండ మండుతోంది. "శిల్పా" అని పిలిచింది. ఆమె ఆగింది, కానీ వెనక్కి తిరగలేదు.

"నువ్వు నిజం చెప్పినావు. అది నేను కాదనను" అంది శిల్పశ్రీ. గొంతు పెంచలేదు. "ఆయప్ప వద్దన్నెప్పుడు నువ్వు ఇనింటే సరిపోయేది గదా అక్కా."

శిల్పశ్రీ కొంగు తలమీదికి లాక్కుని, కంచె పక్కన దారి పట్టుకుని ఊళ్ళోకి నడిచిపోయింది.